కమర్షియల్ సైట్‌లో కండ్యూట్ పైపుకు సపోర్ట్ ఎలా ఇవ్వాలి: మార్కింగ్ నుంచి సీలింగ్ మూసేదాకా

"అన్నా, శాడిల్ ఎంత దూరానికొకటి కొట్టాలి?" (శాడిల్ అంటే కండ్యూట్‌ను, అంటే కరెంటు వైర్లు పోయే పైపును, గోడకు పట్టి ఉంచే క్లిప్పు.) ఈ ప్రశ్నకు ఫోన్లో ఒక అంకె చెప్పి పెట్టేస్తే సరిపోదని చాలాసార్లు అర్థమైంది. అంకె చెప్పాక ఇంకో ప్రశ్న వస్తుంది: గోడ ఏఏసీ బ్లాక్ (తేలికపాటి, గుల్లగా ఉండే కాంక్రీటు దిమ్మె) అయితే? పైన ఫాల్స్ సీలింగ్ అయితే? షాఫ్ట్‌లో (ఫ్లోర్ల గుండా పైకి పోయే సందులో) నిలువు పైపయితే? అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది ఆఫీసులు, షోరూములు, హాస్పిటళ్ళు, గోడౌన్లలో పైకి కనిపించే పైపుకూ, సీలింగ్ పైన వేలాడే పైపుకూ సంబంధించినది. గోడ చెక్కి లోపల పూడ్చే పైపు సంగతి ఇక్కడ లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. సపోర్ట్ అంటే పైపు బరువు మొయ్యడానికే అనుకుంటారు చాలామంది. పైపు బరువు చాలా తక్కువ. అసలు పరీక్ష వైరు లాగేటప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఏసీ మనిషి నిచ్చెన మీద తూలి మీ పైపును పట్టుకున్నప్పుడు వస్తుంది. ఆ రెండింటికీ నిలబడేలా కట్టాలి.

## 1. ముందు తేల్చుకోవాల్సినవి

పైపు స్టీలా, పీవీసీనా? దూరాలు దీన్నిబట్టే మారతాయి. మన దగ్గర స్టీలు కండ్యూట్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 9537 రెండో భాగం, గట్టి పీవీసీకి మూడో భాగం. పీవీసీ అయితే లైట్, మీడియం, హెవీ గ్రేడుల్లో ఏది తెచ్చారో పైపు మీద ముద్ర చూడండి. షాపులో లైట్ అంటగట్టి బిల్లులో మీడియం రాయడం కొత్తేమీ కాదు. లైట్ పైపుకు ఎన్ని శాడిళ్ళు కొట్టినా ఎండాకాలం వచ్చేసరికి మధ్యలో కిందికి దిగుతుంది.

తర్వాత, దేనికి బిగిస్తున్నారు? గోడను తట్టి చూడండి, అవసరమైతే ఒక చిన్న హోల్ వేసి పొడి రంగు చూడండి. తెల్లగా మెత్తగా వస్తే ఏఏసీ బ్లాక్. బూడిద రంగులో గట్టిగా వస్తే కాంక్రీటు. ఎర్రగా వస్తే ఇటుక.

స్లాబు విషయంలో ఇంకా జాగ్రత్త. మాదాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద ఆఫీసు బిల్డింగుల్లో చాలావాటికి పోస్ట్ టెన్షన్ స్లాబులు ఉంటాయి, అంటే కాంక్రీటు లోపల బిగించి లాగిన స్టీలు తీగలు ఉంటాయన్నమాట. అందులో ఒకటి డ్రిల్‌కు తగిలి తెగితే అది మీ బిల్లులో సర్దుకునే నష్టం కాదు. ఎంత లోతు వరకు డ్రిల్ వెయ్యొచ్చో, ఎక్కడ వెయ్యకూడదో బిల్డింగ్ మేనేజ్‌మెంట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు.

పని మొదలయ్యే ముందు చేతిలో ఉండాల్సినవి:

- ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు, కేబుల్ ట్రేలు అన్నీ కలిపి చూపించే డ్రాయింగ్
- డ్రిల్ లోతు పర్మిషన్
- పైపు సైజుకు సరిపడే శాడిళ్ళు, స్పేసర్లు, అంటే శాడిల్ కింద పెట్టే దిమ్మలు (25 మి.మీ. పైపుకు 32 మి.మీ. శాడిల్ వేసి లోపల ఇన్సులేషన్ టేపు చుట్టడం వద్దు)
- హామర్ డ్రిల్, కొత్త బిట్లు, దుమ్ము ఊదే పంపు, యాంకర్ సెట్టింగ్ పంచ్ (హోల్‌లో యాంకర్‌ను విచ్చుకునేలా కొట్టే పనిముట్టు)
- లేజర్ లెవెల్ లేదా రసమట్టం, రంగు దారం
- కళ్ళద్దాలు, మాస్కు

## 2. దూరాల లెక్క, మెటీరియల్ లెక్క

మన దేశంలో మామూలుగా పాటించే లెక్క ఇది. స్టీలు కండ్యూట్‌కు శాడిల్‌కూ శాడిల్‌కూ మధ్య 1 మీటరు మించకూడదు. పీవీసీకి 60 సెం.మీ. మించకూడదు. కప్లర్ (రెండు పైపు ముక్కలను కలిపేది), బెండ్ (మలుపు ముక్క) లాంటి ఫిట్టింగ్ ఏది వచ్చినా దాని మధ్య నుంచి అటు 30 సెం.మీ., ఇటు 30 సెం.మీ. దూరంలో శాడిల్ ఉండాలి. బాక్సు దగ్గర కూడా ఇదే పాటించండి. టెండర్ స్పెక్‌లో ఇంకా దగ్గరగా అడిగితే అదే ఫైనల్.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి పది అడుగులకు ఒకటి చాలు కదా అని వాదించే కుర్రాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అక్కడి కోడ్‌లో ఈఎంటీ అనే స్టీలు పైపుకు 10 అడుగులకొకటి, ప్రతి బాక్సు నుంచి 3 అడుగుల లోపల ఒకటి అని ఉన్నమాట నిజమే. అది వాళ్ళ పైపు, వాళ్ళ ఫిట్టింగులు, వాళ్ళ కోడ్. డల్లాస్‌లో పనిచేసే మన తెలుగు ఎలక్ట్రీషియన్ అక్కడ అది పాటిస్తాడు, మీరు ఇక్కడ ఇక్కడిది పాటించండి.

ఇప్పుడు ఇండెంట్ (కావాల్సిన సామాను పట్టీ) రాసేటప్పుడు అందరూ తప్పే చోటు. 30 మీటర్ల స్టీలు పైపు లైను, మీటరుకొకటి, కాబట్టి 31 శాడిళ్ళు అని రాసేస్తారు. పైపు 3 మీటర్ల ముక్కల్లో వస్తుంది, ప్రతి 3 మీటర్లకూ ఒక కప్లర్ పడుతుంది, కప్లర్‌కు రెండు వైపులా 30 సెం.మీ. దగ్గర శాడిల్ కావాలి. ఒక ముక్క మీద 0.3 మీటరు దగ్గర ఒకటి, 2.7 దగ్గర ఒకటి పడ్డాయి. మధ్యలో 2.4 మీటర్లు మిగిలింది. అందులో ఇంకో రెండు వెయ్యందే మీటరు లోపలికి రాదు. అంటే 0.3, 1.1, 1.9, 2.7. ముక్కకు నాలుగు, పది ముక్కలకు 40. మీ 31 ఎక్కడ, ఈ 40 ఎక్కడ?

పీవీసీకి లెక్క ఇంకా తేలిక. 0.3, 0.9, 1.5, 2.1, 2.7. ముక్కకు ఐదు, కప్లర్ దాటినా దూరం 60 దగ్గరే ఉంటుంది, లైను పొడవునా సమానంగా కనిపిస్తుంది. బెండ్లకు, బాక్సులకు, చేతిలోంచి జారి పోయేవాటికి కలిపి మరో పది శాతం రాసుకోండి.

## 3. మార్కింగ్

పైపు చేత్తో పట్టుకుని గోడకు ఆనించి, కనిపించిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టి డ్రిల్ వేసే పద్ధతి మానెయ్యాలి. ముందు రెండు చివర్ల బాక్సులు ఎక్కడో తేల్చండి. వాటి మధ్య లేజర్ గీత వెయ్యండి లేదా రంగు దారం లాగి కొట్టండి. ఆ గీత మీద ముందు కప్లర్ల చోట్లు, బెండ్ల చోట్లు గుర్తుపెట్టి, వాటికి అటూ ఇటూ 30 సెం.మీ., ఆ తర్వాత మధ్యవి. ఈ వరుస తిప్పితే శాడిల్ సరిగ్గా కప్లర్ మీద పడుతుంది, అది అక్కడ కూర్చోదు, మళ్ళీ ఇంకో హోల్.

సీలింగ్ పైన అయితే లేజర్‌తో గీతను నేల మీద వేసుకుని, అక్కణ్నుంచి పైకి స్లాబు మీదికి ఎక్కించండి. నేల మీద గీత ఉంటే డక్ట్ వాళ్ళు, స్ప్రింక్లర్ వాళ్ళు కూడా చూసి ముందే గొడవ పడతారు. పని అయ్యాక పడే గొడవ కన్నా అది నయం.

## 4. హోల్, యాంకర్: ఇక్కడ తొందర పడొద్దు

ఊడిపోయిన సపోర్టుల్లో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోయాయి. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

స్లాబుకు రాడ్ వేలాడదీయడానికి ఎక్కువగా వాడేది లోపల మరలున్న డ్రాప్ ఇన్ యాంకర్, అంటే హోల్‌లో విచ్చుకుని పట్టే లోహపు గొట్టం. ఎం8 (8 మి.మీ. మర) యాంకర్‌కు 10 మి.మీ. బిట్, ఎం10కు 12 మి.మీ. బిట్. అరిగిన బిట్‌తో వేస్తే హోల్ సన్నగా వస్తుంది, యాంకర్ దిగదు. బిట్‌ను అటూ ఇటూ ఊపుతూ వేస్తే హోల్ నోరు వెడల్పవుతుంది, యాంకర్ దిగుతుంది గానీ పట్టదు. రెండోదే ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది.

వరుస ఇది:

1. బిట్ మీద యాంకర్ పొడవు కొలిచి అక్కడ రంగు టేపు చుట్టండి. టేపు స్లాబును తాకగానే ఆపాలి. పోస్ట్ టెన్షన్ స్లాబులో ఈ టేపు సరిపోదు, డ్రిల్‌కు డెప్త్ స్టాప్ రాడ్ బిగించండి.
2. డ్రిల్ స్లాబుకు నిట్టనిలువుగా పట్టుకోండి. మధ్యలో బిట్ ముందుకు పోకుండా మొరాయించి, శబ్దం సన్నగా కీచుమంటే కడ్డీ తగిలింది. బలవంతం చెయ్యకండి. కొంచెం జరిపి కొత్త హోల్ వేసి, పాతది గ్రౌట్‌తో మూసెయ్యండి.
3. దుమ్ము ఊదండి. నోటితో కాదు, పంపుతో. పైకి చూస్తూ నోటితో ఊదితే అంతా కళ్ళల్లోకే. దుమ్ము మిగిలితే యాంకర్ దాని మీద కూర్చుంటుంది, కాంక్రీటు మీద కాదు.
4. యాంకర్‌ను సుత్తితో మెల్లగా కొట్టి అంచు స్లాబుతో సమానం చెయ్యండి.
5. సెట్టింగ్ పంచ్ లోపల పెట్టి, దాని భుజం యాంకర్ అంచును తాకేదాకా కొట్టండి. తాకగానే సుత్తి దెబ్బ శబ్దం మారుతుంది, మొద్దుగా ఉన్నది గట్టిగా ఖంగుమంటుంది. చేతికి కూడా తెలుస్తుంది.
6. రాడ్ ఎక్కించి, రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగండి. ఒక్క రవ్వ కదిలినా అది పనికిరాదు.

ఐదో అడుగు ఎగ్గొడతారు. పంచ్ ఎక్కడో పడిపోయి ఉంటుంది, వెతికే ఓపిక లేక కుర్రాడు పాత బోల్టు ముక్క పెట్టి రెండు దెబ్బలు కొట్టి పైకెక్కిస్తాడు. లోపలి కోను పూర్తిగా దిగదు, యాంకర్ విచ్చుకోదు. నా సైట్‌లోనే ఒకసారి వైరు లాగుతుంటే వరసగా మూడు రాడ్లు చేతిలోకి వచ్చాయి. తీసి చూస్తే మూడింటిలోనూ కోను సగం దారిలోనే ఆగి ఉంది. ఆ ఫ్లోర్‌లో ఉన్న ప్రతి రాడ్‌నూ లాగి చూడాల్సి వచ్చింది, రెండు రోజులు పోయాయి. అప్పట్నుంచి ప్రతి జట్టుకూ రెండు పంచ్‌లు ఇస్తున్నాను, ఒకటి పోగొట్టుకోవడానికి.

గోడల్లో సంగతి వేరు. ఇటుకకూ కాంక్రీటుకూ మామూలు నైలాన్ ఫిషర్ (ప్లాస్టిక్ ప్లగ్గు), స్క్రూ సరిపోతాయి. ఇటుకలో హోల్ వెయ్యండి, ఇటుకల మధ్య సిమెంటు సందులో కాదు. ఏఏసీ బ్లాక్‌లో మామూలు ఫిషర్ మొదట బిగిసినట్టే ఉండి తర్వాత ఊడుతుంది, ఏఏసీకని విడిగా అమ్మే పొడవాటి ప్లగ్గులు తెప్పించండి, డ్రిల్‌ను హామర్ మోడ్‌లో పెట్టకుండా మామూలుగా తిప్పండి. జిప్సం పార్టిషన్ అయితే లోపలి జీఐ స్టడ్ (నిలువు ఇనుప చట్రం) వెతికి దానికి స్క్రూ వెయ్యండి, స్టడ్ దొరకని చోట బోర్డు వెనక రెక్కలు విచ్చుకునే బటర్‌ఫ్లై యాంకర్. బోర్డులో వట్టి స్క్రూ వేస్తే వేలితో లాగినా వస్తుంది.

గోడలో చెక్క ముక్కలు కొట్టి వాటికి స్క్రూ వేసే పాత అలవాటు కొందరు మేస్త్రీలకు ఇంకా ఉంది. చెక్క ఎండితే కుంచించుకుపోతుంది. వద్దని మర్యాదగానే చెప్పండి.

## 5. గోడ మీద శాడిల్

ముందు స్పేసర్లు అన్నీ బిగించాలి, తర్వాతే పైపు ఎక్కాలి. పైపును ఒకడు పట్టుకుని ఉండగా ఇంకొకడు శాడిళ్ళు బిగిస్తే లైను పాములా వస్తుంది. స్పేసర్ వల్ల పైపు గోడకు అంటకుండా కాస్త ఎడంగా ఉంటుంది, తేమ నిలవదు, బాక్సు నాకౌట్ (పైపు దూరే రంధ్రం) లోకి కూడా వంకర లేకుండా తిన్నగా వెళ్తుంది.

స్టీలు పైపుకు శాడిల్ గట్టిగా బిగించండి. పీవీసీకి మాత్రం పైపు కదలకుండా కూర్చోవాలి, కానీ నలగకూడదు. చేత్తో తోస్తే నిలువునా జరగాలి. ఎందుకో ఎనిమిదో పాయింట్లో చెప్తాను.

సముద్రం దగ్గర, అంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల మామూలు జింక్ పూత శాడిళ్ళు ఎక్కువ కాలం నిలవవు. హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ అడగండి, స్క్రూలతో సహా. శాడిల్ ఉండి స్క్రూ తుప్పు పట్టిపోయిన లైన్లు చూశాను.

## 6. సీలింగ్ పైన: ట్రెపీజ్ సపోర్ట్

రెండు రాడ్లు, మధ్యలో అడ్డంగా స్లాటెడ్ జీఐ చానెల్, దాని మీద పైపులు వరుసగా, ప్రతి పైపుకూ క్లాంప్. నాలుగైదు పైపులు ఒకే దారిలో పోతుంటే ఇదే మంచిది.

బరువు లెక్క ఒకసారి చూద్దాం. 1.6 మి.మీ. మందం ఉన్న 25 మి.మీ. స్టీలు పైపు మీటరుకు సుమారు 0.9 కిలో. లోపల 2.5 చదరపు మి.మీ. వైర్లు ఆరు వేసినా ఇంకో పావు కిలో లోపే. అలాంటి పైపులు ఆరు, మీటరుకొక ట్రెపీజ్ అయితే ఒక్కోదాని మీద 7 కిలోలు. రెండు రాడ్ల మీద పంచుకుంటే చెరి మూడున్నర కిలోలు. సరిగ్గా కూర్చున్న ఎం8 యాంకర్‌కు ఇది లెక్కలోకే రాదు. కాగితం మీద ఎప్పుడూ పాసే. పడిపోయేది యాంకర్ సరిగ్గా కూర్చోకపోవడం వల్ల, లేదా మనిషి వేలాడటం వల్ల.

కట్టేటప్పుడు:

- చానెల్‌కు పైన ఒక నట్, కింద ఒక నట్, రెండు వైపులా వాషర్. కింద నట్ ఒక్కటే పెడితే వైరు లాగినప్పుడు చానెల్ పైకి ఎగురుతుంది.
- ముందు రెండు చివర్ల ట్రెపీజులు లెవెల్ చేసి, దారం కట్టి, మధ్యవి దారానికి కలపండి.
- రాడ్ మరీ పొడవైతే పక్కలకు ఊగుతుంది. ప్రతి మలుపు దగ్గరా, పొడవాటి లైనులో అక్కడక్కడా ఒక వాలు బ్రేసింగ్ స్లాబుకు బిగించండి.
- మిగిలిన రాడ్ కోసి, కోసిన చోట జింక్ పెయింట్ పూసి, ప్లాస్టిక్ క్యాపు పెట్టండి. తల తగిలితే తెలుస్తుంది దాని విలువ.
- ప్రతి పైపుకూ క్లాంప్. చానెల్ మీద ఊరికే పరిచి వదిలేస్తే అది సపోర్ట్ కాదు, అటక.

ఇక అసలు గొడవ. ఫాల్స్ సీలింగ్ జీఐ తీగలకు, ఏసీ డక్ట్ రాడ్లకు, స్ప్రింక్లర్ పైపులకు కండ్యూట్ కట్టకూడదు. స్ప్రింక్లర్ పైపు మీద వేరే ఎవరి సామానూ వేలాడకూడదని ఫైర్ వాళ్ళ ప్రమాణాల్లోనే ఉంది. సీలింగ్ తీగ తన టైల్స్ బరువుకే లెక్కగట్టి వేస్తారు. మీరు కట్టుతీగతో పైపు కట్టి వెళ్ళిపోతారు, తర్వాత ఎప్పుడో సీలింగ్ మనిషి లెవెల్ కోసం ఆ తీగ కొంచెం వదులు చేస్తాడు, మీ పైపు లైట్ ఫిట్టింగ్ మీదికి వస్తుంది. ఆ పనికి వచ్చే ఫోన్ మాత్రం మీకే.

## 7. బెండ్లు, బాక్సులు

వైరు లాగినప్పుడు బలమంతా బెండ్ మీదే పడుతుంది. లాగే వైపు బెండ్ లోపలికి నొక్కుకుపోతుంది, పక్క కప్లర్ విడిపోతుంది. అందుకే 30 సెం.మీ. నియమం బెండ్ల దగ్గర సడలించొద్దు. వీలైతే ఇంకా దగ్గరగా వెయ్యండి.

బాక్సు తనంతట తాను నిలబడాలి. పైపుల మీద బాక్సు వేలాడకూడదు, బాక్సు మీద పైపులు వేలాడకూడదు. బాక్సుకు కనీసం రెండు స్క్రూలు, స్లాబు కింద అయితే దానికంటూ ఒక రాడ్ లేదా బ్రాకెట్. రెండు బెండ్లకొక బాక్సు పెట్టుకుంటే వైరు లాగే పని సగం తగ్గుతుంది.

స్టీలు పైపులో ఎర్తింగ్ కంటిన్యుటీ (ఎర్త్ ఎక్కడా తెగకుండా కొనసాగడం) కప్లర్ల ద్వారా, ఎర్త్ వైరు, క్లాంపుల ద్వారా రావాలి. శాడిల్ తగిలింది కదా ఎర్త్ వచ్చినట్టే అనుకోవద్దు.

## 8. నిలువు షాఫ్టులు, సాగే పైపులు

షాఫ్ట్‌లో నిలువుగా పోయే పైపు బరువు కింది బెండ్ మీద కూర్చోకూడదు. ప్రతి ఫ్లోర్‌లో గట్టి క్లాంప్ ఒకటి స్లాబు దగ్గర, మధ్యలో మామూలు దూరాలు. స్లాబు రంధ్రంలో నింపే ఫైర్ సీలెంట్ పొగా మంటా ఆపడానికే, అది పైపును మొయ్యదు. పైపే కాదు, లోపలి వైర్లకూ బరువుంటుంది. పొడవాటి నిలువు లైన్లలో మధ్య మధ్య పుల్ బాక్సు పెట్టి అందులో వైర్లను కట్టి నిలపండి.

పీవీసీ ఎండకు సాగుతుంది. మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 0.06 మి.మీ. చిన్నదిగా వినిపిస్తుంది. రేకుల గోడౌన్‌లో 30 మీటర్ల లైను తీసుకోండి, తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ రేకు కింద 25 డిగ్రీల తేడా వస్తే 45 మి.మీ. సాగింది. స్టీలు అయితే 9 మి.మీ. శాడిళ్ళు బిగబట్టి ఉంటే ఆ 45 మి.మీ. ఎటు పోవాలి? మధ్యలో విల్లులా వంగుతుంది, శాడిల్ చెవులు విరుగుతాయి. అందుకే పీవీసీ లైనులో ఎక్స్‌పాన్షన్ కప్లర్ వేసి, దానికి ఒకవైపు పైపును గట్టిగా నిలిపి రెండోవైపు జరగనివ్వాలి. రేకుల కింద నేను 60 కాకుండా 45 సెం.మీ.కు ఒక శాడిల్ వేస్తాను, కస్టమర్ ఒప్పుకుంటే అక్కడ స్టీలే వేస్తాను.

బిల్డింగ్‌కే ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఉంటే పైపును దాని మీదుగా తిన్నగా దాటించొద్దు. అటొక బాక్సు, ఇటొక బాక్సు, మధ్యలో కొంచెం వదులుగా ఫ్లెక్సిబుల్ పైపు, దానితోపాటు విడిగా ఎర్త్ వైరు.

## 9. తరచూ కనిపించే తప్పులు, సరిచేసే దారి

శాడిల్ స్క్రూ తిరుగుతూనే ఉంది, బిగియదు. అగ్గిపుల్ల దూర్చకండి. పక్కకు జరిపి కొత్త హోల్ వెయ్యండి, లేదా ఒక సైజు పెద్ద ప్లగ్ వెయ్యండి.

రెండు సపోర్టుల మధ్య పైపు దిగింది. పైపును పైకి నెట్టి అక్కడో శాడిల్ కొట్టేస్తే పీవీసీలో వంకర అలాగే ఉండిపోతుంది. ఆ ముక్క మార్చి, దూరం తగ్గించి మళ్ళీ వెయ్యండి.

కప్లర్ విడిపోయి వైరు కనిపిస్తోంది. లోపల అంచుకు రాసుకుని వైరు తెగి ఉండొచ్చు. సప్లై ఆపి, ఆపామని టెస్టర్‌తో చూసుకుని, వైరు బయటికి లాగి పరీక్షించాకే పైపు జోడించండి.

కేబుల్ టైలతో కట్టిన లైన్లు. తాత్కాలికం అంటారు, పదేళ్ళుంటాయి. ఎక్కడ కనిపించినా తీసి క్లాంప్ వెయ్యండి.

బీమ్ కింది అంచులో డ్రిల్. మెయిన్ కడ్డీలు అక్కడే ఉంటాయి. బీమ్ పక్క భాగంలో, అదీ స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పిన ఎత్తులోనే వెయ్యండి.

## 10. వైరు లాగే ముందు, సీలింగ్ మూసే ముందు

- ప్రతి రాడ్‌నూ చేత్తో లాగి చూశారా? "చూశాం" అంటే నమ్మకండి, చూసిన రాడ్‌కు మార్కర్‌తో చుక్క పెట్టించండి
- బెండ్, కప్లర్, బాక్సు ప్రతిదానికీ రెండు వైపులా 30 సెం.మీ. లోపల సపోర్ట్ ఉందా?
- చానెల్‌కు పైన, కింద నట్లు బిగిశాయా?
- డక్ట్, స్ప్రింక్లర్, సీలింగ్ తీగ వేటికైనా పైపు ఆనుకుని లేదా వేలాడి ఉందా?
- పీవీసీ పైపు శాడిల్‌లో జరుగుతోందా? ఎక్స్‌పాన్షన్ కప్లర్‌లో ఖాళీ ఉందా?
- స్టీలు లైను ఎర్త్ కంటిన్యుటీ ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచారా?
- కోసిన రాడ్లకు పెయింట్, క్యాపు పడ్డాయా?

ఆ తర్వాత టేపు పట్టి, కొలత కనిపించేలా ఫోటోలు తీసుకోండి, గది గదికీ. వైర్లు లాగడం అయ్యాక బెండ్ల దగ్గర సపోర్టులు మళ్ళీ ఒకసారి చూడండి, వదులైనవి అప్పుడే తేలతాయి. అవి బిగించాక సీలింగ్ వాళ్ళకు టైల్స్ పెట్టుకోమని చెప్పండి.